ఇంట్లో యాడి.. బడిలో అమ్మ
తండా చిన్నారులకు మూడో భాషగా ఆంగ్లం

గాంధారి: పలక పట్టిన పిల్లలకు 'అ' నేర్పేందుకు 'అమ్మ'ను చూపడం తెలుగు బడి ఆనవాయితీ. తెలిసిన మాట నుంచి తెలియని అక్షరానికి నడిపించడమే ఇందులోని కిటుకు. గాంధారి మండలంలోని లంబాడా తండాల నుంచి బడికి వచ్చే చిన్నారుల విషయంలో ఈ సూత్రం తడబడుతోంది. ఇంట్లో లంబాడీయే వినే పిల్లలకు అమ్మ అంటే 'యాడి', నీళ్లంటే 'పాణి'. వారు అక్షరంతో పాటు మాటనూ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

భాషా కుటుంబమే వేరు
లంబాడీ తెలుగులో ఒక యాస కాదు. తెలుగు ద్రావిడ భాష కాగా, లంబాడీ రాజస్థానీకి దగ్గరైన ఇండో-ఆర్య భాష. దీన్ని తెలంగాణలో తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాస్తున్నారు. 2011 జనగణనలో దేశవ్యాప్తంగా 32 లక్షల మందికి పైగా దీన్ని మాతృభాషగా పేర్కొన్నారు. గణాంకాల్లో మాత్రం దీన్ని హిందీ కింద చేర్చారు.

రెండు పేజీల్లోనూ లేదు
రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉండేలా ద్విభాషా పాఠ్యపుస్తకాలు ముద్రించారు. ఆంగ్లం అర్థం కాని విద్యార్థికి తెలుగు పేజీ ఆసరా. తండా చిన్నారికి ఆ ఆసరా కూడా పరాయి భాషే.

దారి చూపిన ప్రయోగం
భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించేందుకు కృషి చేయాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామీ, సవర, లంబాడీ తదితర 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. తొలి తరగతుల్లో ఇంటి భాష, క్రమంగా తెలుగు వైపు నడక దీని పద్ధతి. పుస్తకాలను తెలుగు లిపిలోనే రూపొందించినందున పిల్లలకు రెండో లిపి భారం తప్పింది.

అయితే ఇలాంటి పథకాలు నిలవడం తేలిక కాదు. ఫిలిప్పీన్స్ 2013లో మాతృభాషా బోధనకు చట్టబద్ధత కల్పించి, 2024లో ఆ నిబంధనను తొలగించింది. పుస్తకాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు లేకుంటే ఉత్తర్వులు కాగితాలకే పరిమితమవుతాయి.

తరగతి గదిలోనే ఆరంభం
ప్రత్యేక పుస్తకాలు అందేవరకు ఆగనవసరం లేదు. పిల్లలు చెప్పే లంబాడీ మాటలను తెలుగు లిపిలో నల్లబల్లపై రాసి, పక్కనే తెలుగు, ఆంగ్ల పదాలు చేర్చవచ్చు. ఉపాధ్యాయుడికి లంబాడీ రాకపోయినా ఇది సాధ్యమే. అప్పుడు 'యాడి' నుంచి 'య' వస్తుంది. ఆపై 'అమ్మ' నేర్చుకోవడం ఆ చిన్నారికి భారం కాదు.