జెల్లీచేప ఇచ్చిన దివ్వె

జీవకణమునందు ఏ పదార్థము ఎప్పుడు పుట్టి ఎచ్చటికి పోవుచున్నదో కనుగొనవలెనన్న, పూర్వము శాస్త్రజ్ఞులు తఱచుగా ఆ కణమును చంపి, గట్టిపఱచి, రంగులద్ది, సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూచెడివారు. పీనుగను పరీక్షించి మనిషి నడకను ఊహించుటవంటి ఈ కష్టమును చాలవఱకు తొలగించిన వస్తువు, పసిఫిక్ తీరపు చల్లని నీటిలో తేలియాడు ఒక జెల్లీచేప గొడుగంచునుండి లభించినది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ జాన్సన్‌వద్ద పనిచేయుచుండిన జపాను రసాయనశాస్త్రజ్ఞుడు ఒసాము షిమొమురా, 1961 వేసవిలో అమెరికా వాయవ్యపు కొనయందలి ఫ్రైడే హార్బరు చేరెను. పదునాఱేండ్ల ప్రాయమున నాగసాకి సమీపమున అణుబాంబు మెఱుపునకు క్షణకాలము చూపుగోల్పోయిన బాలుడే, పెరిగి పెద్దవాడై, ప్రాణులు తమంత తాము వెలిగించుకొను చల్లని వెలుగును వెదకుటకు జీవితమును ధారపోసెనని తలచినపుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును. రేవులో వలలతో జెల్లీచేపలను దేవి, ప్రతిదాని గొడుగంచునగల సన్నని పట్టెను కత్తెరతో కత్తిరించి, గుడ్డలో పిండి, ఆ రసమునుండి వెలుగునిచ్చు పదార్థమును వేరుచేయవలెనని ఆతడు పలుదినములు పడిన పాట్లు ఫలింపలేదు. ఒకనాడు రసమునకు ఆమ్లమును చేర్పగా వెలుగు ఆఱిపోయెను. సోడాతో ఆమ్లమును విఱువగా మరల వెలిగెను. ఆ ద్రవమును పాఱబోయగా, నీరుపోవు తొట్టి లోపలంతయు నీలికాంతితో భగ్గున మెఱసినది! జలచరములనుంచు కుండీనుండి పొంగిన సముద్రజలము ఆ తొట్టిలోనికే పాఱుచుండెను. ఆ జలమునందలి కాల్షియమే వెలుగును రేపినదని ఆతడు గ్రహించెను.

ఆ వేసవిలో సుమారు 10,000 జెల్లీచేపలనుండి తీసిన ఆ నీలికాంతి మాంసకృత్తునకు ఈక్వోరిన్ అని పేరిడిరి. దానిని శుద్ధిచేయునపుడు వెంటవచ్చిన మఱియొక మాంసకృత్తు అతినీలలోహిత కిరణములు సోకినంతనే పచ్చగా ప్రకాశించినది. 1962లో వెలువడిన వ్యాసమున దానికి దక్కినది పుటయడుగున ఒక చిన్న సూచిక మాత్రమే.

ఆ ఆకుపచ్చ మాంసకృత్తు మహిమ దాని నిర్మాణమునందున్నది. 238 అమైనో ఆమ్లములు వరుసగా గ్రుచ్చిన దండ, పీపావలె చుట్టుకొనగా, నడుమ చిక్కిన సెరిన్, టైరోసిన్, గ్లైసిన్ అను మూడును గాలిలోని ఆక్సిజనుతో కలిసి తమంత తామే కాంతికేంద్రముగా మాఱును. వేఱు సహాయకద్రవ్యమేదియు అక్కఱలేదు గనుక, దాని జన్యువు నెచ్చట నాటినను అచ్చటనే దీపము వెలుగును. మందలో తప్పిపోవు ఆవు మెడకు గంట కట్టినట్లు, శాస్త్రజ్ఞుడు తనకు కావలసిన మాంసకృత్తునకు ఈ దీపమును కట్టి, బ్రతికియున్న కణములోనే దాని రాకపోకలను కనిపెట్టవచ్చును.

ఆ జన్యువును వుడ్స్ హోల్‌నందు డగ్లస్ ప్రాషర్ వేరుచేసి 1992లో ప్రకటించెను. పరిశోధనకు ధనము చాలక, దాని ప్రతులను అడిగినవారికి ఉదారముగా పంపి, ఆతడు ఆ పని విడిచెను. అందుకొన్నవారిలో మార్టిన్ చాల్ఫీ, మిల్లీమీటరు పొడవైన పారదర్శకమగు పురుగునందు స్పర్శనెఱుంగు నాడీకణములు పచ్చగా వెలుగుటను 1994లో లోకమునకు చూపెను. రోజర్ చెన్ ఆ దండలోని పూసలను మార్చి నీలమును, పసుపును సాధించెను. రష్యా శాస్త్రజ్ఞులు 1999లో పగడపు జాతి ప్రాణినుండి ఎఱుపును తెచ్చిరి. నేడు ఎలుక దేహమున పుట్టకురుపు కణములు ఏ మార్గమున వ్యాపించుచున్నవో ఈ రంగులే చూపుచున్నవి.

షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకు 2008లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినపుడు, ప్రాషర్ అలబామాలో ఒక కార్ల దుకాణమువారి బండి నడుపుచుండెను. ఆ ముగ్గురి సరసన ఆతని పేరును తలచుట న్యాయమని నా దృఢవిశ్వాసము. చాల్ఫీ, చెన్‌లును అట్లే తలచి, తమ వ్యయముతో ఆతనిని స్టాక్‌హోమ్ ఉత్సవమునకు పిలిచిరి. 2012లో చెన్ తన ప్రయోగశాలలోనే ఆతనికి ఉద్యోగమిచ్చెను.