జవాబుకు జవాబు

2023 మార్చి 31న ట్విట్టర్ తన సిఫార్సు ప్రోగ్రాంలో కొంత భాగాన్ని బయటపెట్టింది. ఎవరి టైమ్‌లైన్‌లో ఏ పోస్టు పైకి రావాలో తేల్చే లెక్క అందులో ఉంది. ఈ పోస్టు కనిపిస్తే ఈ మనిషి లైక్ కొట్టే అవకాశమెంత, రీట్వీట్ చేసే అవకాశమెంత, జవాబు రాసే అవకాశమెంత అని యంత్రం ముందుగా అంచనా వేస్తుంది. ఒక్కో అంచనాను ఒక్కో సంఖ్యతో హెచ్చవేసి, అన్నిటినీ కూడుతుంది. అప్పటి పట్టికలో లైక్‌కు 0.5, రీట్వీట్‌కు 1, జవాబుకు 13.5 ఇచ్చారు. అన్నిటికన్నా పైన, జవాబు వచ్చి, దాన్ని పోస్టు రాసినవారు పట్టించుకునే అవకాశానికి ఏకంగా 75! (ఒక జవాబు 27 లైకులతో సమానమని ప్రచారం చేసినవాళ్లు ఇది అవకాశాల లెక్కన్న సంగతి మరిచారు.) ఆ అంకెలను కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వాటి వరస మాత్రం ఊరికే వచ్చింది కాదు.

మాటల మీద పరిశోధన చేసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త హార్వీ శాక్స్ 1960లలో ఫోన్ సంభాషణల టేపులు వింటూ కూర్చున్నాడు. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్‌లతో కలిసి, మనుషులు వంతులవారీగా ఎలా మాట్లాడుకుంటారో 1974లో ఒక పెద్ద వ్యాసంలో వివరించాడు. మాటలు చాలావరకు జంటలుగా వస్తాయి. ప్రశ్న వేస్తే జవాబుకు చోటు ఏర్పడుతుంది. పిలిస్తే వస్తామనో రామనో చెప్పాలి. ఆ చోటు ఖాళీగా ఉండిపోతే ఇద్దరికీ ఇబ్బందే. ‘ఈరోజు వాన భలే కురిసింది’ అన్న పోస్టు అలాంటి చోటేదీ ఇవ్వదు. చూసినవారు లైక్ కొట్టి వెళ్లిపోతారు.

అలాగని ఏ ప్రశ్న వేసినా జనం పలుకుతారని కాదు. ‘తెలుగు వంటల మీద మీ అభిప్రాయం?’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తోచదు. ‘గోంగూర పచ్చడిలో మీ ఇంట్లో ఉల్లిపాయ కలుపుతారా, పక్కన నంజుకుంటారా?’ అనండి, జవాబు నాలుక మీదే ఉంటుంది. హార్వర్డ్‌లో డయానా తమీర్, జేసన్ మిచెల్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ గురించి చెప్పుకునేటప్పుడు మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగాలు చురుకయ్యాయి. ఆ అవకాశం కోసం కొందరు చిన్నపాటి డబ్బు కూడా వదులుకున్నారు. కాబట్టి అభిప్రాయం కన్నా అనుభవం అడగడం మేలు. ముందు మీ జవాబు మీరే చెబితే ఎదుటివారికి బెరుకు తగ్గుతుందని నా నమ్మకం.

కోపం రేపినా జవాబులు వస్తాయి, అదీ ఇబ్బడిముబ్బడిగా. ఫేస్‌బుక్ 2017లో కోపం ఎమోజీని అయిదు లైకుల కింద లెక్కగట్టింది. దాంతో తగాదా పోస్టులకు ఊపు వచ్చింది. చివరకు 2020లో ఆ ఎమోజీ విలువను సున్నా చేయాల్సివచ్చింది. ‘అవునంటే లైక్ కొట్టండి, కాదంటే షేర్ చేయండి’ తరహా పోస్టులను కిందికి నెడతామని 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ఇలా వచ్చే జవాబుల్లో ఒకరి మాట ఇంకొకరు వినరు. దాన్ని సంభాషణ అనలేం.

వినడం ఎక్కడ తెలుస్తుందంటే మూడో వంతులో. మీరు అడిగారు, అవతలివారు చెప్పారు, ఇప్పుడు మళ్లీ మీ వంతు. కారెన్ హువాంగ్, ఆలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదుటివారు చెప్పినదాన్నే పట్టుకుని మళ్లీ అడిగేవాళ్లు ఎక్కువ నచ్చారు. పెళ్లిచూపుల్లాంటి స్పీడ్ డేటింగ్‌లోనూ అలాంటివారినే మరోసారి కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. ‘మా అమ్మమ్మ ఎండుమిర్చి నూనెలో వేయించి నూరేది’ అని ఒకరు రాస్తే, చప్పట్ల ఎమోజీ పెట్టి ఊరుకోకండి. ఏ ఊరు, రోట్లోనా, ఎన్ని మిరపకాయలు అని అడగండి. కొత్త పోస్టు కోసం బుర్ర బద్దలుకొట్టుకునే సమయంలో సగం దీనికి ఇచ్చినా చాలు. జవాబులు చదివే తీరిక లేని రోజున మాత్రం ప్రశ్న పోస్టు చేయకండి.