అత్యవసర వైద్యం: ఊరికొక రేటు, వాడకొక రేటు

ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఎత్తుకుని ఆసుపత్రి మెట్లెక్కగానే కౌంటరు దగ్గర వినిపించే మాట ‘ఎంత తెచ్చారు?’ అని. ఈ మాట వినని కుటుంబం మన వాడల్లో అరుదు. డాక్టరు మంచోడా కాదా, ఆసుపత్రి పెద్దదా చిన్నదా అని మాట్లాడుకుంటాం. కానీ ఆ ధర ఎక్కడ పుడుతోంది? ఒకే పాముకాటుకు, ఒకే గుండెపోటుకు హైదరాబాదులో ఒక బిల్లు, వరంగల్లులో ఒక బిల్లు, ఆదిలాబాదులో ఇంకొక బిల్లు ఎందుకు పడుతోంది? ఈ ప్రశ్న మన సభల్లోకి రాలేదు. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, అత్యాచారాల చట్టం గురించి మాట్లాడినంతగా మనం క్యాజువాలిటీ గురించి మాట్లాడలేదు. ఈ లోటు మాలోనూ ఉంది.

మేము చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. కాగితం మీద ఆసుపత్రి రేటు పెద్ద పట్నం నుంచి చిన్న ఊరికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. రోగి ఇంటివాళ్లు పెట్టే మొత్తం ఖర్చు మాత్రం దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడాను ఎక్కువగా మోస్తున్నది ఊరికి ఎడంగా ఉన్న వాడ, రోడ్డుకు ఎడంగా ఉన్న గూడెం.

బిల్లులో ఏముంటుంది

అత్యవసర విభాగంలో పడే బిల్లును విడగొట్టి చూస్తే నాలుగైదు భాగాలుంటాయి. డాక్టరు ఫీజు ఒకటి. ఈ.సి.జి., స్కానింగు, రక్తపరీక్షలు ఒకటి. మందులు, సెలైన్లు, సిరంజిలు, గ్లవ్సులు ఒకటి. మంచం లేదా ఐ.సి.యు. కిరాయి ఒకటి. వీటిలో పేదవాడి కంటికి ముందు కనపడేది డాక్టరు ఫీజు. బిల్లును పెంచేది మాత్రం ఎక్కువగా తక్కిన మూడూ.

జాతీయ ఔషధ ధరల సంస్థ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించింది. మందులు, సూదులు, ఇతర సామగ్రి మీద లాభం కొన్నిచోట్ల 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. అంతకు ఏడాది ముందు, 2017 ఫిబ్రవరిలో, అదే సంస్థ గుండె రక్తనాళంలో వేసే స్టెంటుకు గరిష్ఠ ధర కట్టింది. అప్పటిదాకా లక్ష రూపాయలు దాటి కూడా అమ్మిన మందుపూత స్టెంటు ధర 29,600 రూపాయలకు, మామూలు స్టెంటు ధర 7,260 రూపాయలకు దిగింది. స్టెంటు తయారుచేసే ఖర్చు ఒక్క రాత్రిలో తగ్గిపోలేదు కదా! ధర అనేది ఎవరో ఒకరు నిర్ణయించేదే. ప్రభుత్వం నిర్ణయించకపోతే అమ్మేవాడే నిర్ణయిస్తాడు.

సంతలో కూరగాయలు నచ్చకపోతే పక్క గంప దగ్గరికి వెళ్తాం. ఊపిరందక కొట్టుకుంటున్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ఎవరూ బేరమాడలేరు. ‘పోటీ ఉంటే ధరలు అవే తగ్గుతాయి’ అనే వాదన క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలవకపోవడానికి కారణం ఇదే.

ఊరు మారితే ధర ఎందుకు మారుతుంది

సాధారణంగా చెప్పే కారణం స్థలం ధర, అద్దె, జీతాలు. ఇందులో కొంత నిజముంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం 2025 అక్టోబరులో సవరించిన రేట్లు కూడా ఈ లెక్కనే పాటించాయి. హైదరాబాదు లాంటి మహానగరాలు మొదటి తరగతి. రెండో తరగతి నగరాలకు రేటు అంతకంటే తక్కువ. మూడో తరగతి ఊళ్లకు మొదటిదానికంటే 20 శాతం తక్కువ.

కానీ ఇంతకంటే పెద్ద కారణం మరొకటుంది. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే (75వ విడత) ప్రకారం, కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే గ్రామీణ కుటుంబానికి ప్రభుత్వాసుపత్రిలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయ్యాయి. పట్టణ కుటుంబానికి ఇవే లెక్కలు 4,837, 38,822 రూపాయలు. పల్లెకూ పట్నానికీ మధ్య తేడా కంటే ధర్మాసుపత్రి గడపకూ ప్రైవేటు గడపకూ మధ్య తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఒక ప్రాంతంలో అత్యవసర వైద్యం ఎంత పడుతుందన్నది అక్కడి ప్రభుత్వ క్యాజువాలిటీ రాత్రిపూట పనిచేస్తుందా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అది పనిచేయని చోట ప్రైవేటువాడు చెప్పిందే రేటు.

మరి ఆసుపత్రులు కొన్నిచోట్ల గుమిగూడి, కొన్నిచోట్ల లేకుండా ఎందుకు పోయాయి? దీనికి చరిత్ర ఉంది. 1850లలో గోదావరి, కృష్ణా ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టాలో రెండు పంటలు పండాయి. ఆ మిగులు భూమి ఉన్న కులాల చేతికి చేరింది. అది సినిమా హాళ్లుగా, రైసు మిల్లులుగా, కాలేజీలుగా, తర్వాత నర్సింగ్ హోములుగా మారింది. 1980ల నుంచి హైదరాబాదులో కార్పొరేటు ఆసుపత్రులు లేచాయి. నీళ్లు పారని పాలమూరులో, అనంతపురంలో, శ్రీకాకుళంలో, అడవి జిల్లాల్లో ఆ పెట్టుబడి అదే తీరున రాలేదు. డెల్టాలో నాట్లు వేసి, కోతలు కోసి ఆ మిగులును పుట్టించిన మాల మాదిగ కూలీలకు అక్కడ కూడా నర్సింగ్ హోము అప్పు చేసి ఎక్కాల్సిన మెట్టుగానే మిగిలింది.

ఇంకొక కారణం, ఎవరు చెల్లిస్తున్నారన్నది. బీమా కంపెనీ ముందే బేరమాడుకుంటుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం కట్టిన ప్యాకేజీ రేటు ఉంటుంది. ఏ బేరమూ లేకుండా చెప్పినంతా ఇచ్చేది నోట్లు చేతబట్టుకుని నిలబడ్డ కూలిమనిషే. ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టిన మాట నిజం. అయితే అది జాబితాలో ఉన్న జబ్బులకే. జబ్బేమిటో తేలేలోపు మొదటి గంటల్లో చేతినుంచి పోయే డబ్బు తరచు ఏ జాబితాలోకీ రాదు.

కమిషన్ల సంగతి అందరికీ తెలుసు. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారం నిషిద్ధం. అయినా పంపినవాడి వాటా ఎక్కడ నడిస్తే అక్కడ అది రోగి బిల్లులోనే కలుస్తుంది.

దూరానికి ధర

ఒక ఉదాహరణ అనుకుందాం. మిరప చేలో కలుపు తీస్తున్న కూలీ తల్లిని రక్తపింజర కరిచింది. పాముకాటు మందు మొదటి గంటలోనే పడితే, ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేడు, లేదా మందు లేదు. ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని రాసిచ్చారు. ఏరియా ఆసుపత్రిలో రెండు ఇంజెక్షన్లు వేసి జిల్లాకి పొమ్మన్నారు. రక్తపింజర విషానికి మందు ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. అప్పుడిక డయాలసిస్. మొదటి గంటలో ఉచితంగా తీరాల్సింది మూడో మజిలీ చేరేసరికి వేలల్లోకి, లక్షల్లోకి పోతుంది. జబ్బు అదే, విషం అదే, మధ్యలో మారింది దూరం ఒక్కటే.

ఇది అరుదైన సంగతి కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చచ్చేది చేలో వంగి పనిచేసేవాళ్లే. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని ప్రధానంగా అందిస్తున్నది తమిళనాడులో పాములు పట్టే ఇరుళ ఆదివాసుల సహకార సంఘం. విషం తీసే చేతులూ మనవాళ్లవే, కాటు తినే కాళ్లూ మనవాళ్లవే. మందు మాత్రం పట్నంలో ఉంటోంది.

పైన చెప్పిన సర్వే లెక్కల్లో బండి కిరాయి, తోడున్న ఇద్దరి తిండి, పోయిన కూలి కలవలేదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఉచితమే, మేలు చేసిందే. కానీ అది ఇంకో కేసు మీద వెళ్లి ఉంటే ప్రైవేటు బండి మాట్లాడుకోవాలి. దానికి కిలోమీటరు లెక్క. ఆ తర్వాత అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 30 వేలు తెస్తే నెలకు 900 రూపాయల వడ్డీ, ఏడాదికి 10,800. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే నెలలో దాదాపు మూడు రోజుల కూలి ఒట్టి వడ్డీకే. అసలు అట్లాగే ఉంటుంది. ఏ ఆసుపత్రి బిల్లులోనూ ఈ వడ్డీ కనిపించదు.

కులం ఎక్కడుంది

‘రోగానికి కులం లేదు కదా’ అనే మిత్రులున్నారు. రోగానికి లేకపోవచ్చు, వైద్యం వచ్చే దారికి ఉంది. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. 33 శాతం గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రావడానికి నిరాకరించారని అది చెప్పింది. ఇంటికి రాని నర్సమ్మ వల్ల చిన్న జబ్బు ముదురుతుంది. ముదిరింది అర్ధరాత్రి క్యాజువాలిటీకి చేరుతుంది. అక్కడ పడే బిల్లులో ఆ అంటరానితనం ఖర్చు కూడా కలిసి ఉంటుంది.

దాడులు జరిగినప్పుడు ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 1985 జూలై 17న కారంచేడులో దాడి జరిగాక మాదిగలు చీరాలకు చేరి అక్కడ శిబిరం వేసుకున్నారు. దగ్గరలో పట్నం ఉండడమంటే ఏమిటో ఆ ఉద్యమానికి తెలుసు. దెబ్బలు తిన్న మనిషికి క్యాజువాలిటీ వైద్యం దొరికే చోటు మాత్రమే కాదు, గాయాల సర్టిఫికెట్ పుట్టే చోటు కూడా. అది సాధారణ గాయమని రాస్తారా, తీవ్ర గాయమని రాస్తారా అన్నదాని మీద కేసు బలం ఆధారపడుతుంది. డబ్బుల్లేవని మధ్యలో ఇంటికి తెచ్చుకుంటే మనిషికీ నష్టం, కేసుకీ నష్టం.

చట్టం మన చేతికిచ్చినవి

1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు మంచాలు లేవని తిప్పిపంపాయి. చివరికి ప్రైవేటులో చేరి 17 వేలు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. కూలీ సంఘం అతని పక్కన నిలబడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో కోర్టు, సకాలంలో వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కును ఉల్లంఘించడమేననీ, డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం తప్పించుకోలేదనీ చెప్పి 25 వేల పరిహారం ఇప్పించింది. అంతకుముందే, 1989లో, పరమానంద్ కటారా కేసులో ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణాపాయంలో ఉన్నవాడికి ముందు వైద్యం చేసి తీరాలని తీర్పు వచ్చింది.

కార్యకర్తలు చేతిలో ఉంచుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో 11వది చూడండి. బాధితులకు అయిన మందులు, ప్రత్యేక వైద్య సలహా, రక్తం ఎక్కించడం, బట్టలు, భోజనం, పండ్ల ఖర్చును జిల్లా యంత్రాంగం తిరిగి చెల్లించాలి. దీన్ని అడిగి తీసుకునేది ఎంతమంది? అత్యాచారానికి, యాసిడ్ దాడికి గురైనవారికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షను చెబుతోంది. రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఉంది. 2010 నాటి వైద్య సంస్థల చట్టం అమలయ్యే రాష్ట్రాల్లో ఆసుపత్రులు తమ రేట్లను ఆంగ్లంతోపాటు స్థానిక భాషలో కూడా బోర్డు మీద పెట్టాలని 2012 నిబంధనలు అంటున్నాయి. ఆ రేట్లు ప్రభుత్వం నిర్ణయించిన పరిధిలో ఉండాలని కూడా అంటున్నాయి. ఆ పరిధిని ఇన్నేళ్లయినా ఎందుకు తేల్చలేదని 2024లో సుప్రీంకోర్టే కేంద్రాన్ని నిలదీసింది.

కోర్టు తీర్పు దానంతటది వాడ దాకా నడిచి రాదు. విద్యార్థులు, టీచర్లు, సంఘాలు ఒక పని చేయగలరు. తమ ప్రాంతంలోని వాడల్లో ఏడాదిలో ఆసుపత్రి పాలైన ప్రతి కేసుకు ఒక పేజీ పెట్టండి. ఏ గంటకు బయల్దేరారు, ఎన్ని చోట్ల తిప్పారు, ఎక్కడ ఎంత కట్టారు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు. బిల్లు విడివిడిగా రాసివ్వమని అడగండి, రసీదులు పారేయకండి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఎన్ని సీసాలుందో, రాత్రి డాక్టరు ఉంటాడో లేదో నెలకొకసారి వెళ్లి చూడండి. ఆ పుస్తకం పట్టుకుని కలెక్టరు ముందు నిలబడితే అది ఒక ఇంటి ఏడుపుగా కొట్టేయడానికి వీలుండదు. ఈసారి కౌంటరు దగ్గర ‘ఎంత తెచ్చారు?’ అని అడిగినప్పుడు, ‘మీ రేట్ల బోర్డు ఎక్కడ?’ అని అడిగే మనిషి రోగి పక్కన ఉండాలి.