నొప్పిగల కొవ్వు కంతులు

మన దేహమున చర్మము క్రింద కొవ్వుపొర యొకటి గలదు. అందలి కణము లొక్కచోట గుమిగూడి పెరిగి, పలుచని తిత్తిలో నిమిడియున్నచో దానిని కొవ్వుకంతి యందురు. వైద్యులు లైపోమా యందురు. మెడ, భుజములు, వీపు, చేతులు దీని ముఖ్యస్థానములు. వ్రేలితో నొక్కిన మెత్తగా నుండి ప్రక్కకు జరుగును. మెల్లగా పెరుగును. ఇది యంటువ్యాధి కాదు. సామాన్యముగా నొప్పియు నుండదు.

నొప్పి గలిగెనేని కారణము విచారింపవలెను. కంతి సమీపమందలి నరమును ఒత్తుచుండవచ్చును. లేదా దానిలో సన్నని రక్తనాళములు నిండియుండవచ్చును. ఈ రెండవదానికి యాంజియోలైపోమా యని పేరు; ఇది యౌవనమున ముంజేతులందు తఱచుగా పుట్టును.

మఱియొక రోగము గలదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందలి నరముల వైద్యుడు ఫ్రాన్సిస్ జేవియర్ డెర్కమ్ 1892లో ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించి, దానికి అడిపోసిస్ డొలొరోజా యని పేరిడెను. నొప్పిగల కొవ్వు అని దాని భావము. ఇది అరుదైనది, నడివయసున, స్థూలకాయలగు స్త్రీలయందు హెచ్చు. నొప్పి నెలల తరబడి వదలదు. దీనిని నిశ్చయించు రక్తపరీక్ష లేదు. ఇతర రోగములు కావని తేల్చుకొనియే వైద్యులు దీనిని నిర్ణయింతురు. పైకి గాయము కానరాదు గనుక ఇంటివారు రోగి బాధను నటన యని తలచుటయు గలదు. అది మిక్కిలి అన్యాయము.

కంతి 5 సెంటీమీటర్లకు మించినను, త్వరగా పెరిగినను, గట్టిపడినను, లోతుగా నాటుకొని కదలకున్నను, నొప్పి పుట్టినను ఆలస్యము చేయరాదు. అరుదుగా నట్టిది లైపోసార్కోమా యను పుట్టకుఱుపు కావచ్చును. వైద్యుడు చేతితో పరీక్షించి, అల్ట్రాసౌండుచేతను, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. చేతను, చిన్న ముక్క దీసి సూక్ష్మదర్శినితో చూచుటచేతను నిజము తెలిసికొనును.

నొప్పిలేని చిన్న కంతిని తీయింప నక్కఱలేదు. బాధించుదానిని, ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కించి, తిత్తితో గూడ కోసి తీయుదురు. అట్లు తీసినది మరల పుట్టుట అరుదు. డెర్కమ్ రోగమునకు పూర్తి నివారణ లేదు. నొప్పి నడచు మందులు, కొందఱికి కొవ్వును గొట్టముతో లాగు చికిత్స, ఓపిక కొలది వ్యాయామము ఉపశమన మిచ్చును.

వాతలు పెట్టుట, సూదితో పొడుచుట, పసరు కట్టుట కంతిని కరగింపజాలవు. పుండు పడి చీము పట్టును. కావున విద్యార్థులారా, మీ యింట నెవరైన కంతిని సిగ్గుచే పైటచాటున దాచినచో, వారిని నమ్మించి ఆసుపత్రికి తోడ్కొని పొండు.