మేడ క్రింది ఉమ్మడి పెట్టెకు విద్యుత్తు



గ్రామ పంచాయతుల కన్నింటికిని ఫైబరు తీగ చేర్చవలెనని కేంద్ర ప్రభుత్వము 2011వ సంవత్సరమున నిశ్చయించినది. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అను పేరు దాల్చినది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. కావున వెంట్రుకవంటి గాజుపోగులో వెలుతురు పరుగెత్తి వార్తలు మోయునన్న సంగతి మీకు క్రొత్త కాదు. నేడు నేను చెప్పఁదలచినది ఆ గాజుపోగు మోయలేని వస్తువును గురించి. అది విద్యుత్తు.

పాత టెలిఫోను మీకు జ్ఞాపకముండును. ఊరంతయు చీకటియైన రాత్రియందును అది మ్రోగుచుండెడిది. టెలిఫోను ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి 48 వోల్టుల విద్యుత్తు ఆ రాగితీగ మీదనే మన యింటికి వచ్చుచుండుటయే దానికి కారణము. మాటయు, మాటను నడపు బలమును ఒక్క తీగ మీదనే వచ్చెడివి. గాజు విద్యుత్తును పోనీయదు. అందుచేత ఫైబరు వచ్చిన చోట మాటల వేగము ఎంతయో పెరిగినను, వెంట వచ్చెడి బలము రాకుండఁబోయినది. ఫైబరు కొనయందలి పెట్టెకు మనమే విద్యుత్తు నీయవలెను.

ఒంటి యింటిలో దీనివలన చిక్కులేదు. గోడకున్న ప్లగ్గులో తగిలించిన చాలును. అంతస్తుల మేడలలోనే చిక్కు. మన బిడ్డలు పట్టణములలో అట్టి మేడలయందే కాపురములు చేయుచున్నారు. మండల కేంద్రములలోను అవి లేచుచున్నవి. ఎనిమిది వాటాల మేడ నొకదానిని తలఁచుకొనుఁడు. కొన్ని మేడలలో ప్రతి వాటాకును గాజుపోగునే తీసికొని పోవుదురు. మరికొన్నిటిలో ఫైబరు మేడ అడుగున మెట్ల క్రింద నున్న ఒక ఉమ్మడి పెట్టెతో ఆగును. అక్కడనుండి ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క రాగితీగ పోవును. పనివారు ఆ పెట్టెను స్విచ్చి అందురు గాని, దీపపు స్విచ్చికిని దానికిని సంబంధము లేదు. వార్తలను ఏ వాటావి ఆ వాటాకు పంచుటయే దాని పని.

ఈ పెట్టెకు విద్యుత్తు ఎవ్వరి మీటరు నుండి రావలెను? మెట్ల దీపములకున్న ఉమ్మడి మీటరు నుండి తీసికొందమన్న, ఆ బిల్లు మేడవారందరిది. ఫైబరు తీసికొన్నవారు నలుగురే కావచ్చును. తక్కిన నలుగురు ఒప్పుకొనరు. ఒప్పుకొన్నను, మరమ్మతుకు వచ్చినవా డెవడో ప్లగ్గు పీకి మరచిపోవును. అందరిదియైన వస్తువును కాచువాఁడు లేని సంగతి చెరువు గట్ల విషయమున మీకు తెలిసినదే.

దీనికి తోచిన ఉపాయమే నేటి ప్రసంగమునకు ముఖ్యాంశము. వాటాకు పోయిన రాగితీగ మీదుగానే, ఆ వాటా నుండి పెట్టెకు విద్యుత్తును క్రిందికి పంపుట. ఎవరు ఫైబరు వాడుకొందురో వారే దానిని పోషింతురు. ఇంగ్లీషువారు దీనిని రివర్స్ పవర్ అందురు. ఎదురు విద్యుత్తని మన మనవచ్చును. దీనికి యూరోపులోని ఎట్సీ అను ప్రమాణసంస్థ నిబంధనలను కూడ వ్రాసినది.

ఒక్క తీగ మీద వార్తయు విద్యుత్తును కలిసి చెడిపోవా యని మీరడుగవచ్చును. గోదావరి కాలువలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఆ కాలువలలో సాగునీరు పల్లమునకు పారుచుండగా, ఆ నీటి మీదనే పడవలు ఎగువకును దిగువకును నడచెడివి. నీటికి పడవ అడ్డు కాలేదు. ఈథర్‌నెట్ తీగలో వార్తలు పడవలవలె రెండు దిక్కులకును పోవును. విద్యుత్తు నీటివలె ఒక్క దిక్కునకే పారును. ఆ తీగలో ఎనిమిది సన్నని రాగితీగలు రెండేసి చొప్పున పురిపెట్టి నాలుగు జంటలుగా నుండును. జంటలోని రెండు తీగల నడుమ నుండు భేదమే వార్త. ఆ రెండింటికిని సమానముగా ఎక్కించిన విద్యుత్తు ఆ భేదమును మార్చఁజాలదు. విద్యుత్తు ఒక జంటమీద పోయి మరియొక జంటమీద తిరిగివచ్చును.

ఈ పద్ధతికి 2003లో అమెరికా ఇంజనీర్ల సంస్థయైన ఐఈఈఈ ప్రమాణము నేర్పరచినది. తీగకు మొదట 15.4 వాట్లు ఎక్కించిన, 100 మీటర్ల తీగ చివర 12.95 వాట్లు నమ్మకముగా దక్కును. తక్కినది త్రోవలో వేఁడియై పోవును. 2009లో మొదటి కొలత 30 వాట్లకును, 2018లో 90 వాట్లకును పెరిగినది. ఇచ్చువైపు పరికరము అవతల నున్నదేమో తెలియక విద్యుత్తు నీయదు. మొదట స్వల్పమైన వోల్టేజితో తట్టి చూచును. అవతల సుమారు 25 వేల ఓముల అడ్డు కనఁబడినగాని తలుపు తీయదు. తీగ ఊడినచో అరసెకను లోపల మూసివేయును. అంగళ్ళలో దొరకు చౌక అడాప్టర్లలో పెక్కింటికి ఈ మర్యాద లేదు. అవి అడుగకుండనే విద్యుత్తును తోయును. వానిని వేరొక పరికరమునకు తగిలించినచో అది కాలిపోవచ్చును.

ఇఁక పంపకము సంగతి. ఉమ్మడి పెట్టె 12 వాట్లు తీసికొనునదైనచో నెలకు సుమారు 8.64 యూనిట్లు ఖర్చగును. ఎనిమిది వాటాలవారు సమముగా మోసినచో ఒక్కొక్కరికి యూనిటు కంటె కొంచెమే హెచ్చు. ఇంత స్వల్పమునకు తగవా యందురు. తగవు యూనిటు కొఱకు కాదు, సమత్వము కొఱకు. పెట్టెలో ప్రతి వాటా తీగకును డయోడు అను ఒంటితలుపు ఉండును. అందుచేత ఒక యింటి విద్యుత్తు మరియొక యింటిలోనికి పోదు. కాని డయోడు మాత్రమే యున్నచో, ఎవరి అడాప్టరు ఒక్క వోల్టు హెచ్చుగా ఇచ్చునో బరువంతయు వారి మీదనే పడును. ఎత్తుననున్న తొట్టి నీరే ముందుగా దిగినట్లు. సమముగా పంచు ఏర్పాటుగల పెట్టెలు వేరుగా నున్నవి. వాని వెల కొంత హెచ్చయినను, అవియే పెట్టింపవలెనని నా యభిప్రాయము.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. సంక్రాంతికి మేడవారందరు సొంత యూళ్ళకు పోయిరనుకొనుఁడు. పోవుచు ఇంటి మెయిను ఆపివేసిరి. మూడవ అంతస్తున ఒక వృద్ధురాలు మాత్రము మిగిలినది. ఆమె కొడుకు దూరదేశమున నున్నాఁడు. రాత్రివేళ ఆమెతో మాటలాడుటకు ఆ తీగయే ఆధారము. ఇప్పుడు పెట్టెను ఆమె యొక్క వాటాయే పోషింపవలెను. పెట్టె 12 వాట్లదైనచో 2003 నాటి కొలతతోనే పని జరుగును. 20 వాట్లదైనచో జరుగదు. పెట్టె ఆరిపోవును, ఆమె మాట తెగిపోవును. అప్పుడు 2009 నాటి కొలత, అనగా చివర 25.5 వాట్లు దక్కునది కావలెను. కాబట్టి పెట్టె పెట్టువానిని, ఎనిమిది వాటాలు వెలుగుచుండగా ఎట్లుండునని గాక, ఒక్క వాటా మాత్రమే వెలుగుచున్నప్పుడు ఇది నిలుచునా యని అడుగవలెను.

విద్యుత్తు పోయినప్పుడును ఇదే లెక్క. ఏదో ఒక వాటాలో ఇన్వర్టరు ఉండి, అడాప్టరు దానికి తగిలించియున్నచో మేడ పెట్టె అంతయు బ్రతికియుండును. 12 వాట్లనగా ఒక ఎల్.ఈ.డి. దీపపు పాటి బరువే. అయినను ఆ యింటివారికి ముందు చెప్పి, వారి యనుమతితో చేయవలసిన పని యిది. తమ బ్యాటరీ మీద మేడయంతయు నడచుచున్నదని వారికి తరువాత తెలియుట బాగుండదు.

తీగ విషయమున మోసము కలదు. రాగి యని చెప్పి, అల్యూమినియముపై రాగిపూత పూసిన తీగ నమ్ముదురు. వార్తలు దానిపై పోయినట్లే కనఁబడును గాని, విద్యుత్తు మోయునప్పుడు హెచ్చుగా వేఁడెక్కును. పలుతీగలు ఒక్క గొట్టములో కట్టగా పోయినచోట ఇది మరింత చేటు. చాకుతో గీఁకి చూచిన లోపల తెల్లగా కనఁబడును. అట్టిది వలదని త్రిప్పి పంపుఁడు. ఒక మేడ నుండి మరియొక మేడకు బయటి త్రోవన పోవునప్పుడు రాగితీగను లాగనీయకుఁడు. పిడుగు పడినచో అది రెండు మేడల పెట్టెలను చెఱచును. అక్కడ గాజుపోగునే వేయింపవలెను. విద్యుత్తును మోయలేకుండుట అచ్చట దానికి గుణమే యగును.