సైకిలుకు ఎంత ఖర్చు పెట్టాలి?



షుగరు, బీపీ, అధిక బరువు ఉన్నవారికి డాక్టర్లు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది. "రోజూ కాసేపు నడవండి, వీలైతే సైకిలు తొక్కండి" అని. ఈ మాట వినగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ధర గురించే. "మంచి సైకిలు యాభై వేలట కదా సార్! డబ్బు చేతికొచ్చాక మొదలుపెడతాం" అంటారు. అలా ఆరు నెలలు గడిచిపోతాయి, షుగరు మాత్రం ఆగదు. మరికొన్ని ఇళ్లలో ఉత్సాహం కొద్దీ వాయిదాల మీద ఖరీదైన సైకిలు కొంటారు. అది రెండు నెలలు తిరిగి, తర్వాత బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. అందుకే ఈసారి సైకిలు ఖర్చు సంగతి వివరంగా చూద్దాం.

మనకు కొత్త కాదు

మన పెద్దల కాలంలో పెళ్లికొడుక్కి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం గొప్ప. సువార్తికులు, పాస్టర్లు ఊరూరా తిరిగింది సైకిళ్ల మీదే. హెర్క్యులెస్, అట్లాస్, హీరో పేర్లు తెలియని ఇల్లు లేదు. అప్పట్లో పట్టణాల్లో సైకిలుకు పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. అందుకని చక్రానికి రాసుకుని తిరిగే డైనమో చాలా సైకిళ్లకు ఉండేది. తర్వాత మోటారు సైకిళ్లు వచ్చాయి. సైకిలు పిల్లలకు, పేదలకు మిగిలింది.

ఇప్పుడు అది మరో దారిలో తిరిగి వచ్చింది. 2023 అక్టోబరు 1న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి ప్రాంతాల్లో, సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. సెలవు రోజుల్లో అక్కడికి కార్ల వెనుక సైకిళ్లు కట్టుకుని వచ్చేవారు కూడా ఉన్నారు.

ఉత్సాహవంతుల లెక్క

గేర్లు లేని మామూలు ఇనుప సైకిలు సుమారు 5 నుండి 8 వేల రూపాయలకు వస్తుంది. గేర్లు, అల్యూమినియం ఫ్రేము ఉన్నది 15 నుండి 30 వేలు. సన్నని టైర్లు, వంగిన హ్యాండిలు ఉండే రోడ్ బైకులు మంచివి 50 వేలు దాటతాయి. కార్బన్ ఫైబర్ ఫ్రేము కావాలంటే లక్షన్నర, రెండు లక్షలు పెట్టాలి. పెద్ద విదేశీ కంపెనీల మేలురకాలు 10 లక్షలు కూడా దాటతాయి. ఆ డబ్బుకు కారే వస్తుంది!

ఖర్చు అక్కడితో ఆగదు. హెల్మెట్టు, మెత్త కుట్టిన నిక్కరు, పెడలుకు పట్టుకునే బూట్లు, గ్లౌజులు, దూరం, వేగం చూపే చిన్న కంప్యూటరు, కారుకు తగిలించే స్టాండు... ఇలా ఒక్కొక్కటి చేరుతూ పోతాయి. ఇక గొలుసు, టైర్లు, బ్రేకు కట్టలు అరిగేవే. ఎక్కువగా తొక్కేవారికి ఏటా కొన్ని వేల ఖర్చు తప్పదు.

ఆ డబ్బంతా ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం బరువు తగ్గించడానికే. మామూలు ఇనుప సైకిలు 20 కిలోల దాకా తూగుతుంది. కార్బన్ సైకిలు 7, 8 కిలోలే. కార్బన్ గుడ్డను పొరలు పొరలుగా చేత్తో పరచి ఫ్రేము తయారుచేస్తారు. దానికి పనితనం, సమయం రెండూ కావాలి. దిగుమతి సుంకం అదనం. అంతర్జాతీయ పందాల్లో 6.8 కిలోల కంటే తేలికైన సైకిలుకు అనుమతి లేదు. పందెగాళ్లకే అక్కడ హద్దు పెట్టారు. మన పొట్ట ఐదు కిలోలు తగ్గితే సైకిలు మీద ఆ బరువు ఉచితంగానే తగ్గుతుంది కదా!

అత్యంత ఖరీదైన సైకిలు కథ కూడా వినండి. 2009లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కిన ఒక సైకిలును, నిజమైన సీతాకోకచిలుకల రెక్కలతో అలంకరించినదాన్ని, న్యూయార్క్‌లో వేలం వేస్తే 5 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బు క్యాన్సర్ రోగుల సేవకే వెళ్లింది. అయితే నిషేధిత ఉత్ప్రేరకాలు వాడాడని తేలి 2012లో ఆయన గెలిచిన ఏడు టూర్ టైటిళ్లనూ తీసేశారు. ఎంత ఖరీదైన సైకిలైనా తొక్కేవాడికి మంచి పేరు తెచ్చిపెట్టలేదు.

గుండెకు ధర తెలియదు

ఐదు వేల సైకిలు తొక్కినా, ఐదు లక్షలది తొక్కినా గుండె చేసే పని ఒక్కటే. ఊపిరి కాస్త వేగంగా ఆడాలి, మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. ఆ మాత్రం చాలు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఇలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. బ్రిటన్‌లో సుమారు 2 లక్షల 60 వేల మందిని పరిశీలించి గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు 2017లో ఒక నివేదిక ప్రచురించారు. సైకిలు మీద పనికి వెళ్లేవారిలో ఏ కారణం చేతనైనా మరణించే ప్రమాదం 41 శాతం తక్కువగా కనిపించింది. వారు తొక్కింది పందెపు సైకిళ్లు కావు, పనికి వెళ్లే సైకిళ్లు.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో బోధించారు. సైకిలుకూ అదే వర్తిస్తుంది. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు పక్కన పెట్టాక మిగిలినదానిలోనే కొనండి. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. పాత సైకిలు ఇంట్లో ఉంటే ఓవరాయిలింగు చేయించి, కొత్త టైర్లు వేయించినా సరిపోతుంది. మూడు నెలలు మానకుండా తొక్కాక, ఇంకా మంచిది కావాలో లేదో అప్పుడు ఆలోచించండి.

ఇవి మాత్రం తప్పవు

రెండు వందల నుండి ఆరు వందల కిలోమీటర్ల దూరం తొక్కే 'బ్రెవే' యాత్రలున్నాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. అందులో సైకిలు ఖరీదు ఎవరూ అడగరు. రాత్రి దీపాలు, మెరిసే జాకెట్టు లేకపోతే మాత్రం ఒప్పుకోరు. ఉత్సాహవంతుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఇదే.

• ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు: రెండూ కలిపి కొన్ని వందల రూపాయలే.
• మెరిసే జాకెట్టు: రెండు మూడు వందలు.
• హెల్మెట్టు: వెయ్యి రూపాయల నుండి. తలకు తీవ్ర గాయాలను చాలావరకు తప్పిస్తుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడకండి.
• బ్రేకులు: నెలకోసారి చూపించండి.
• సీటు ఎత్తు: పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ల నొప్పులు వస్తాయి. సరిచేయడానికి ఖర్చేమీ లేదు.

గుండె జబ్బు ఉన్నవారు, స్టెంటు వేయించుకున్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో గ్లూకోజు గాని, చక్కెర గాని ఉంచుకోండి. తల తిరిగే వృద్ధులకు కదలని సైకిలు మేలు.

చివరిగా ఒక మాట. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మామిడిపల్లి చుట్టుపక్కల దారుల్లో కార్లు, లారీలు బాగా పెరిగాయి. చీకటితో డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్లు, పాలు పోసేవారు, కూలి పనికి పోయేవారు ఇంకా సైకిలు మీదే వెళ్తున్నారు. వారిలో ఎందరి సైకిలుకు దీపం ఉంది? వెనుక నుండి వచ్చే లారీ డ్రైవరుకు వారు కనబడాలి కదా.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట నిలిపిన సైకిళ్లను ఒకసారి చూడండి. దేనికైనా వెనుక లైటు లేకపోతే, శక్తి ఉన్నవారు ఒకటి కొని తగిలించండి. మన సైకిలుకు మనం పెట్టే ఖర్చుల్లో అంతకంటే మంచి ఖర్చు ఉండదు. దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.