పాత బ్యాటరీలు: బాధ్యత ఎవరిది? రోగం ఎవరికి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇవాళ బ్యాటరీ లేని ఊరు లేదు. ఆటోలో, ట్రాక్టరులో, ఇన్వర్టరులో బ్యాటరీ ఉంది. విత్తనపత్తి చేన్లల్ల కూలోడు వీపుకు తగిలించుకునే మందు పంపు అడుగున బ్యాటరీ ఉంది. అడవిపందులు రాకుండా చేను చుట్టూ గుంజిన సోలార్ తీగకు బ్యాటరీ ఉంది. కూలి మనిషి జేబులో సెల్‌ఫోను ఉంది. ఇవన్నీ కొన్నేండ్లు పనిచేసి సచ్చిపోతయి. సచ్చిన బ్యాటరీ ఎక్కడికి పోతది, ఎవరి చేతుల్లో పగులుతది, దానికి చట్టం ఎవరిని బాధ్యుణ్ణి చేసింది అన్నదే ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్న విషయం.

మా చిన్నప్పుడు రేడియో సెల్లు అయిపోతే ఎండలో పెట్టి ఇంకో రెండు దినాలు పాటలు వినేటోళ్ళం. ఆ తర్వాత రాయితో పగలగొట్టి లోపలి నల్లకడ్డీ తీసి గోడలమీద రాసేటోళ్ళం. నల్లపొడి చేతులకంటితే లాగుకు తుడుచుకునేటోళ్ళం. ముట్టగూడదని ఇంట్లో తెల్వదు, బడిలో సార్లు చెప్పలేదు. ఆ సెల్లు చిన్నది, నష్టమూ చిన్నదే. వాహనాల్లో, ఇన్వర్టర్లలో వాడే సీసం బ్యాటరీ సంగతి వేరు. దాని బరువులో సగానికి పైగా సీసమే. మిగిలింది గంధకామ్లం, ప్లాస్టిక్ డబ్బా. సీసానికి ధర ఉంది గనుక ఈ బ్యాటరీని ఎవరూ చెత్తకుప్పలో పారెయ్యరు.

మేము చూసినంతలో దాని తొవ్వ ఇట్లా ఉంటది. బండి ఉన్న మనిషి పాతది దుకాణంలో ఇచ్చి కొత్తదానిమీద కొంత ధర తగ్గించుకుంటడు. లేకుంటే ఊర్లెకు వచ్చే పాత సామాన్ల మనిషికి కిలోల లెక్కన అమ్ముతడు. ఆయన పట్టణంలోని గుజిరి దుకాణానికి వేస్తడు. అక్కడినుంచి లారీలో పెద్ద వ్యాపారికి పోతది. ఈ తొవ్వలో ఎక్కడో ఒకచోట కొన్ని బ్యాటరీలు పగులుతయి. ఎందుకంటే నిండు బ్యాటరీకంటె నీళ్ళు పారబోసి, డబ్బా తీసేసి, ఒట్టి సీసం అమ్మితే నాలుగు పైసలు ఎక్కువ మిగులుతయని ఆశ. ఊరూరా తిరిగి కొనేది, గుజిరి దుకాణం వెనక కూర్చుని పగలగొట్టేది ఎవరు? మేము మాట్లాడినవాళ్ళల్లో మాదిగలున్నరు, బుడగ జంగాలున్నరు, పేద ముస్లింలున్నరు. దుకాణం ముందు గల్లాపెట్టె కాడ కూర్చున్నోళ్ళు వేరే.

పగలగొట్టే పనిలో ఏం జరుగుతదో చెప్పుకోవాలె. గొడ్డలితోనో సుత్తెతోనో డబ్బా పగులుతది. ఆమ్లం నేలమీద పారుతది. దాంతోపాటు సీసం కలిసిన బురద మట్టిలోకి దిగుతది. ప్లేట్లు తీసి ఇనుప మూకుడులో కరిగిస్తరు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతది గనుక దానికి కర్మాగారం అక్కరలేదు, పొయ్యి చాలు. పొగ, ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతయి. బట్టలకంటిన ధూళి ఇంటికి పోతది. ఆ చేతులతోనే అన్నం తింటరు, ఆ బట్టలతోనే పిల్లగాణ్ణి ఎత్తుకుంటరు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, కీళ్ళనొప్పులు, చేతుల్లో పట్టు తప్పడం వస్తయి. పిల్లలకైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటది, చదువు ఎక్కదు. సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన దగ్గర ఇట్లాంటి పిల్లగాణ్ణి సూసి సారు ఏమంటడు? 'వీనికి బుర్ర లేదు, వీళ్ళ కులమే అంత' అంటడు. సీసం చేసిన పనిని కులానికి అంటగట్టే అవకాశం ఇక్కడ ఉంది. ఉపాధ్యాయ మిత్రులు ఈ మాట మనసులో పెట్టుకోవాలె.

ఇది ఊహ కాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో డాకర్ నగరం పక్కన తియారాయ్ అనే పేదల వాడ ఉంది. అక్కడ పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లెడపట్టి బతికిన కుటుంబాల్లో 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయిండ్రు. మనకు దగ్గరి సంగతి చూస్తే హైదరాబాదులో కాటేదాన్ పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ ఇతర పరిశ్రమలతోపాటు బ్యాటరీల తయారీ కూడా ఉండేది. ఆ మట్టిలో సీసంతో సహా భారలోహాలు మోతాదుకు మించి ఉన్నయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిండ్రు. పాలమూరు నుంచి పట్నం వలసపోయినోళ్ళకు కాటేదాన్ కొత్త పేరు కాదు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన పడవలసినంత సీసం ఉంది. దానికి పెద్ద కారణాల్లో ఒకటి సీసం బ్యాటరీలను అడ్డదిడ్డంగా పగలగొట్టడమే.

ఇప్పుడు చట్టం సంగతి. మన దేశంలో మొదటి బ్యాటరీ నిబంధనలు 2001లో వచ్చినయి. అవి సీసం బ్యాటరీలకు మాత్రమే. అమ్మిన కంపెనీ డీలర్ల ద్వారా పాతవి వాపసు తీసుకోవాలె. మొదటి ఏడు సగం, రెండో ఏడు 75 శాతం, ఆ తర్వాత 90 శాతం అని లెక్క పెట్టిండ్రు. వాటి స్థానంలో 2022 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త నిబంధనలు తెచ్చింది. ఇవి అన్ని రకాల బ్యాటరీలకు వర్తిస్తయి. చేతి పరికరాలవి, వాహనాలవి, పరిశ్రమలవి, కరెంటు బండ్లవి అన్నీ ఇందులోకి వస్తయి.

ఈ నిబంధనల మూలం 'ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత' అనే సూత్రం. 1990 ప్రాంతంలో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ అనే పరిశోధకుడు దీన్ని ప్రతిపాదించిండు. సరుకు అమ్మి లాభం తీసుకున్నోడే అది పాడైనాక దాని బరువు కూడా మొయ్యాలె అని దీని భావం. సూత్రంగా ఇది న్యాయమైనదే, మేము దీన్ని సమర్థిస్తున్నం. 2022 నిబంధనల ప్రకారం తన బ్రాండు పేరుతో అమ్మేవాడు ఉత్పత్తిదారుడే, విదేశాల నుంచి తెప్పించేవాడూ ఉత్పత్తిదారుడే. బ్యాటరీ ఉన్న పరికరాన్ని దిగుమతి చేసినా అంతే. అంటే పత్తిచేన్లోని మందు పంపును బయటి దేశంనుంచి తెప్పించి అమ్మేటోడు కూడా తప్పించుకోలేడు. వీళ్ళంతా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలె. పాత బ్యాటరీలను నేలలో పూడ్చకూడదు, కాల్చకూడదు.

ఇది నడిచే తీరు ఇట్లా. నమోదైన రీసైక్లింగ్ కర్మాగారం పాత బ్యాటరీలనుంచి ఎంత లోహం తీసిందో దానికి సరిపడా సర్టిఫికెట్లు పుట్టిస్తది. కంపెనీ వాటిని కొని తన లెక్క చూపుతది. లెక్క తప్పితే పర్యావరణ పరిహారం కట్టాలె. ఆ డబ్బును సేకరించకుండా మిగిలిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయడానికే వాడాలె. వినడానికి బాగున్నది. కాని సర్టిఫికెట్ లోహాన్ని తూకం వేస్తది. ఆ లోహం ఎవరి చేతులమీదుగా వచ్చిందో అందులో ఉండదు. కాగితం అబద్ధమాడదని కూడా అనుకోవద్దు. ఇదే పద్ధతిలో నడిచే ప్లాస్టిక్ లెక్కల్లో 2023లో 6 లక్షల పైచిలుకు నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డయి.

బాధ్యత కాగితంమీద పైకి పోయి, పని మాత్రం కిందనే మిగలడం నడిగడ్డకు కొత్త కాదు. గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరుపడ్డది. 1990లలో, 2000లలో ఆ చేన్లల్ల క్రాసింగు పని చేసింది ఎక్కువగా చిన్నపిల్లలు, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలు. కంపెనీని అడిగితే ఆర్గనైజరును చూపింది. ఆర్గనైజరు రైతును చూపిండు. రైతు పిల్లల తల్లిదండ్రులను చూపిండు. విత్తనం సంచి మీద కంపెనీ పేరుంది, పిల్ల పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. బ్యాటరీ విషయంలోనూ ఈ గొలుసే ఉంది. కంపెనీ రీసైక్లరును చూపుతది, రీసైక్లరు వ్యాపారిని, వ్యాపారి గుజిరి దుకాణాన్ని చూపుతడు. దుకాణం వెనక కూర్చున్నోడు ఎవరినీ చూపలేడు.

2022 నిబంధనల్లో ఉత్పత్తిదారుడు, వినియోగదారుడు, స్థానిక పాలనా సంస్థలు, రీసైక్లరు, కాలుష్య మండళ్ళు ఎవరి బాధ్యత వాళ్ళకు రాసి ఉంది. 'సేకరించే, వేరుచేసే సంస్థ' అని కూడా ఉంది. మోపెడ్ మీద ఊర్లు తిరిగే బుడగ జంగం మనిషి సంస్థ ఎట్లయితడు? అదే ఏడాది తెచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు చూడండి. విడదీసే, రీసైకిల్ చేసే పనివాళ్ళను రాష్ట్ర కార్మిక శాఖ గుర్తించాలె, నమోదు చేయాలె, పని నేర్పాలె, ఏటేటా వాళ్ళ ఆరోగ్యం, భద్రత చూడాలె అని వాటిల్లో ఉంది. ఆపాటి మాట బ్యాటరీ నిబంధనల్లో మాకు కనబడలేదు. సీసం విషం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే తెలియజేయవలసిన జబ్బుల జాబితాకెక్కింది. కాని ఆ రక్షణ మస్టరులో పేరున్నోడికే. మస్టరు లేని చోట అదే జబ్బు ఒట్టి కడుపునొప్పి అయితది.

పని బంద్ చేయించమని మేము అనడం లేదు. దుకాణాలకు తాళం వేస్తే పని చీకట్లోకి, ఇంటి పెరట్లోకి పోతది, పిల్లలకు ఇంకా దగ్గరైతది. మనం అడగవలసినవి వేరే ఉన్నయి. పాకీపని విషయంలో 1993 చట్టం నిషేధించి ఊరుకుంటే, సర్వే చేసి పునరావాసం కల్పించాలన్న మాట కోసం 2013 చట్టం దాకా పోరాడవలసి వచ్చింది. లెక్కలోకి రాని మనిషికి చట్టం అందదన్నది అక్కడి అనుభవం. కేంద్రం నమస్తే పథకంలోకి 2024లో చెత్త ఏరుకునేవాళ్ళను కూడా చేర్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మున్సిపాలిటీలు ఆ లెక్క తీసేటప్పుడు పాత సామాన్లు కొనేటోళ్ళను, బ్యాటరీలు పగలగొట్టేటోళ్ళను వదలకుండా రాయించాలె. మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నయి. ఈ కుటుంబాలకు, ముందు పిల్లలకు, రక్తంలో సీసం పరీక్ష చేయాలని అడగాలె. బ్యాటరీని పగలగొట్టకుండా నిండుగా తెచ్చిన మనిషికి ఒట్టి సీసంకంటె ఎక్కువ ముట్టేట్టు కంపెనీలు ధర కట్టాలె. డిపాజిట్ వాపసు పద్ధతికి నిబంధనల్లోనే చోటుంది. పరిహారం నిధిలోంచి సేకరించేటోళ్ళ సహకార సంఘాలకు వాటా రావాలె.

పక్కనే మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమరరాజా కంపెనీ లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పాలమూరు ఇక బ్యాటరీలు వాడే నేల మాత్రమే కాదు, తయారుచేసే నేల కూడా. నౌకర్లు ఎవరికి అని అందరూ అడుగుతున్నరు, అడగాలె కూడా. ఆ బ్యాటరీ సచ్చినాక ఎవరి వాడకు వస్తది అని కూడా ఇప్పుడే అడగాలె. విద్యార్థి మిత్రులు మీ ఊరి గుజిరి దుకాణం ముందరికే కాదు, వెనక్కు కూడా పోయి చూడండి. అక్కడ పనిచేసేటోళ్ళ పేర్లు వాళ్ళ ఇష్టంతో రాసుకోండి. మున్సిపాలిటీకి, కార్మిక శాఖకు, కాలుష్య మండలికి ఇవ్వవలసిన మొదటి కాగితం అదే.